ఎవరికీ పనిలేని గది

ఓ మోస్తరు ఆఫీసుకు వెళ్లి, మీ ఫైర్‌వాల్ రోజుకు ఎన్ని అలర్టులు పంపుతుందని సిస్టమ్స్ చూసే కుర్రాణ్ణి అడగండి. నవ్వి ఊరుకుంటాడు. అన్నీ చదివే తీరిక అతనికి లేదు. పొద్దున్నే మెయిల్ తెరుస్తాడు, అన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి డిలీట్ కొడతాడు, టీకి వెళ్తాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఉద్యోగులు, కస్టమర్లు, వెండర్లు, రాత్రిపూట నడిచే బ్యాకప్‌లు, సెర్చ్ ఇంజిన్ల రోబోలు అందరూ తిరిగే దారిలో నిలబెట్టి, వీళ్లలో దొంగ నడక ఏదో చెప్పమంటే ఎవరివల్లా కాదు.

ఈ అధ్యాయం దాన్ని తిరగేసిన పద్ధతి గురించి. జనంలో దొంగను వెతకడం మానేసి, జనమే రాని చోటు ఒకటి తయారుచేసుకుంటాం. మీ నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ ఉంటుంది. దానితో ఎవరికీ పని లేదు. ఏ ఉద్యోగీ అందులో లాగిన్ అవడు, ఏ బిల్లూ అందులో తయారవదు, ఏ కస్టమరూ దాన్ని చూడడు. అలాంటి కంప్యూటర్ తలుపు ఎవరైనా తట్టారంటే దారి తప్పి వచ్చుండాలి, లేదా దారి వెతుక్కుంటూ వచ్చుండాలి. దీన్నే హనీపాట్ అంటారు. ఇలాంటివి కొన్నిటిని కలిపి, చూసేవాడికి నిజమైన ఆఫీసే అనిపించేలా అల్లితే హనీనెట్. మన మాటల్లో చెప్పాలంటే ఎర, ఎరల వల.

కౌజు పిట్టల వేటగాళ్లు ఒక పెంపుడు పిట్టను బోనులో పెట్టి పొదల పక్కన ఉంచుతారు. దాని కూత విని అడవి పిట్టలు వస్తాయి. మనదీ అదే ఉపాయం. కాకపోతే వేటగాడికి పిట్ట కావాలి, మనకు దాని సమాచారం కావాలి. ఎటునుంచి వచ్చింది, ఏ వేళకు వచ్చింది, వచ్చి ముందుగా దేన్ని కెలికింది అన్నవి తెలిస్తే చాలు, పిట్ట ఎగిరిపోయినా నష్టం లేదు. ఎర వేసేవాళ్లలో ఎక్కువమంది ఈ తేడా దగ్గరే తడబడతారు. పట్టుకోవాలన్న ఆవేశం ముందు కలుగుతుంది, గమనించాలన్న ఓపిక తర్వాతెప్పుడో వస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసుకోవడమే ఇక్కడ నేర్చుకోవాల్సిన అలవాటు.

తలుపు తీస్తే ఎవరొస్తారు

కౌరీ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మిషెల్ ఊస్టర్‌హాఫ్ అనే ఆయన నడిపిస్తున్న ప్రాజెక్టు. చూడ్డానికి ఇంటర్నెట్‌కు తగిలించిన లినక్స్ సర్వర్‌లా ఉంటుంది, లోపల మాత్రం అంతా నాటకం. వచ్చినవాడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ, దించుకున్న ప్రతి ఫైలునూ దాచిపెడుతుంది. దీన్ని బయటి ఇంటర్నెట్‌కు చూపిస్తే మొదటి అతిథి కోసం ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు.

ఎక్కడ పెట్టినా మొదట కనిపించే తంతు దాదాపు ఒకటే. రూట్ పేరుతో, తేలికైన పాస్‌వర్డ్‌తో ఒకడు లోపలికొస్తాడు. వచ్చీ రాగానే ఇది ఏ రకం లినక్స్ అని అడుగుతాడు. తర్వాత ప్రాసెసర్ వివరాలు చూస్తాడు, ఎన్ని కోర్లున్నాయో లెక్కపెడతాడు. మెమొరీ ఎంతో చూస్తాడు. బయటి ఏదో ఐపీ అడ్రస్ నుంచి ఒక ఫైలు దించుతాడు, దానికి నడిచే అనుమతి ఇస్తాడు, నడుపుతాడు, వెంటనే ఆ ఫైలును చెరిపేస్తాడు. రూట్ పాస్‌వర్డ్ మార్చేస్తాడు. చివరికి తాను కొట్టిన ఆజ్ఞల చరిత్ర తుడిచేసి వెళ్లిపోతాడు. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. అంత వేగంగా మనిషి టైప్ చేయలేడు కాబట్టి వచ్చింది బాట్.

ఈ కొద్ది వరుసల్లోనే ఎంత ఉందో చూడండి. కోర్లు లెక్కపెట్టాడంటే వాడికి మీ ఫైళ్లతో పని లేదు, మీ కరెంటు బిల్లుతో క్రిప్టో నాణేలు తవ్వుకోవాలి. పాస్‌వర్డ్ మార్చింది మిమ్మల్ని ఆపడానికి కాదు, తన వెనకే వచ్చే మరో దొంగను ఆపడానికి. కొన్ని బాట్‌లయితే లోపలికి రాగానే అంతకుముందు వచ్చినవాడి మైనింగ్ ప్రోగ్రామ్‌ను వెతికి చంపి, అప్పుడు తమది పెడతాయి. ఇక ఆ ఫైలు దించిన ఐపీ అడ్రస్ అన్నిటికన్నా విలువైనది. దాన్ని మీ అసలు ఫైర్‌వాల్‌లో అడ్డుకుంటే, రేపు మీ నిజమైన సర్వర్‌లోకి ఎవడైనా జొరబడినా సరుకు మాత్రం అక్కడి నుంచి దిగదు.

ఇలాంటి ఎరలు రాబోయే గాలివానను ముందే చూపించిన సందర్భం ఒకటుంది. జపాన్‌లోని యోకోహామా నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంట్లో వాడే కెమెరాలు, రూటర్ల వేషం వేసుకునే ఎరలు తయారుచేసి, టెల్నెట్ ద్వారా వాటి మీద జరుగుతున్న దాడుల గురించి 2015లోనే పత్రం రాశారు. ఆ మరుసటి ఏడు మిరాయ్ అనే బాట్‌ల దండు వచ్చింది. ఫ్యాక్టరీ పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, వీడియో రికార్డర్లను అరవై చిల్లర పేరు-పాస్‌వర్డ్ జతలతో లోబరచుకుని, 2016 అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థను ముంచెత్తింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి చాలామందికి అందలేదు.

ఒక జాగ్రత్త. కౌరీని దించుకుని, ఉన్నదున్నట్టు నడిపేయకండి. దాని సర్వర్‌కు మొదట్నుంచీ ఉండే పేరు ఎస్‌వీఆర్04, లోపల ఫిల్ అనే ఉద్యోగి ఒకడుంటాడు. ఈ సంగతి దొంగలకూ తెలుసు. ఆ పేరు కనపడగానే తిరిగి వెళ్లిపోయే బాట్‌లు రాయడం పెద్ద పనేం కాదు. పేరు మార్చండి. మీ మిగతా సర్వర్లకు ఏ వరసలో పేర్లు పెట్టారో దీనికీ అదే వరసలో పెట్టండి.

మనిషి వచ్చినప్పుడు

బాట్ తన పని చేసుకుని పోతుంది. మనిషి అలా కాదు, ఆగుతాడు, అటూ ఇటూ చూస్తాడు, అనుమానపడతాడు. మనిషిని గమనించడం ఎలాగో తెలుసుకోవాలంటే 1986 దాకా వెనక్కి వెళ్లాలి.

క్లిఫర్డ్ స్టోల్ ఖగోళ శాస్త్రవేత్త. గ్రాంటు అయిపోవడంతో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసే పనిలో చేరాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ సమయానికి అద్దె లెక్కగట్టేవారు. లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది, ఎందుకో చూడమన్నారు. చూస్తే ఎవరో బయటివాడు లోపల తిరుగుతున్నాడు. ఆ క్షణంలో ఎవరైనా చేసే పని ఖాతా మూసేయడం. స్టోల్ మూయలేదు. ఒక శుక్రవారం సాయంత్రం ల్యాబ్‌లో దొరికిన టెర్మినళ్లు, ప్రింటర్లు యాభై దాకా పోగేసి, బయటి నుంచి వచ్చే ఫోన్ లైన్లన్నిటికీ తగిలించి, వాటి మధ్యే పడుకున్నాడు. లోపలికొచ్చినవాడు కొట్టిన ప్రతి అక్షరం అడుగుల కొద్దీ కాగితం మీద అచ్చయింది.

ఆ కాగితంలో నాకు బాగా నచ్చేది చాలా చిన్న విషయం. ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూసే ఆజ్ఞకు ఆ ఆగంతకుడు ఒక ఎఫ్ అక్షరం అదనంగా తగిలించాడు. బర్క్‌లీ యూనిక్స్‌లో దాంతో పని లేదు, ఏటీ అండ్ టీ యూనిక్స్ వాడినవాళ్లకు అది అలవాటు. అంటే వీడు ఈ చుట్టుపక్కల కుర్రాడు కాదు, యూనిక్స్ ఎక్కడో వేరే చోట నేర్చుకున్నాడు. ఒక్క అక్షరం అంత మాట చెప్పింది. వచ్చే వేళలు ఇంకో మాట చెప్పాయి. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం వేళకు వచ్చేవాడు, అంటే యూరప్‌లో రాత్రి.

కానీ ఫోన్ లైన్ జాడ తీయాలంటే వాడు చాలాసేపు లైన్ మీద ఉండాలి. వాడేమో నిమిషాల్లో వచ్చి వెళ్లిపోతాడు. అప్పుడు స్టోల్, ఆయన స్నేహితురాలు కలిసి ఎర వండారు. అమెరికా క్షిపణి రక్షణ పథకానికి సంబంధించిన ఆఫీసు ఒకటి ల్యాబ్‌లో ఉన్నట్టు, దానికొక సెక్రెటరీ ఉన్నట్టు కల్పించి, పేజీలకు పేజీలు ప్రభుత్వ భాషలో ఉత్తరాలు రాసి పెట్టారు. ఆగంతకుడు గంటకు పైగా కదలకుండా కూర్చుని చదివాడు. ఆ వ్యవధి చాలు, జర్మనీ తపాలా శాఖ వాళ్లు హానోవర్ నగరంలోని ఇంటిదాకా లైన్ పట్టుకున్నారు. ఇంకో వింత ఏమిటంటే, కొన్ని నెలలకు ఆ లేని సెక్రెటరీ పేరుకు పిట్స్‌బర్గ్ నుంచి పోస్టులో ఉత్తరం వచ్చింది, ఫలానా పత్రాలు పంపండి అని. ఆ పేరు ఆ ఉత్తుత్తి ఫైళ్లలో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు. అంటే హానోవర్‌లో దొంగిలించిన సరుకు చేతులు మారి మళ్లీ అమెరికాకే చేరింది. ఏ ఫైర్‌వాల్ ఇలాంటి సంగతి చెప్పగలదు?

మార్కస్ హెస్ అనే ఆ జర్మన్, అతని స్నేహితులు సరుకును కేజీబీకి అమ్మారని తేలింది. 1990లో శిక్ష పడింది గానీ జైలుకు వెళ్లాల్సిన పని లేకుండానే పడింది. ఎర వేసి ఏళ్ల తరబడి కూర్చున్నా చివరికి దక్కే న్యాయం ఈపాటిదే కావచ్చు. మీకు కావాల్సింది పగ తీర్చుకోవడమే అయితే ఈ విద్య మీకు సరిపడదు.

సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1991 జనవరిలో, బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్‌కు ఇలాంటివాడే తగిలాడు. పాస్‌వర్డ్ ఫైలు అడిగితే ఉత్తుత్తి ఫైలు ఒకటి పంపాడు చెస్విక్. తర్వాత కంప్యూటర్ ఇవ్వాల్సిన జవాబులు తానే కూర్చుని చేత్తో టైప్ చేశాడు, మెషిన్ బాగా నెమ్మదిగా నడుస్తోందన్న భ్రమ కల్పిస్తూ. మనిషి యంత్రంగా నటించడం ఎంత కష్టమో తెలిశాక, ఆగంతకుణ్ణి ఉంచడానికి గోడలు కట్టిన ప్రత్యేక గది తయారుచేశాడు. వాడు నెదర్లాండ్స్ నుంచి వస్తున్నాడని తేలింది. అప్పటికి ఆ దేశంలో హ్యాకింగ్‌ను నేరమనే చట్టమే లేదు.

ఇప్పుడైతే చేత్తో నటించక్కర్లేదు. గోసెక్యూర్ అనే సంస్థ పరిశోధకులు విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ఎరలు పెట్టి, దొంగల తెరలను సినిమాలా రికార్డు చేసి, 2023లో బ్లాక్ హ్యాట్ సభలో చూపించారు. వచ్చినవాళ్లకు ఆటల్లోని పాత్రల పేర్లు పెట్టారు. రేంజర్లు ఊరికే అన్నీ తిరిగి చూసి వెళ్తారు, బహుశా ఆ సమాచారం ఇంకొకరికి అమ్మడానికి. బార్బేరియన్లు ఇక్కడి నుంచి వేరే కంప్యూటర్ల తలుపులు బాదుతారు. బార్డులని పిలిచినవాళ్లకు ఏ విద్యా రాదు, ఎవరి దగ్గరో కొనుక్కున్న తాళంతో లోపలికొచ్చి, గూగుల్‌లో వెతుక్కుంటూ, బూతు వీడియోలు చూసుకుంటూ గడిపేస్తారు. దాడి చేసేవాళ్లంతా మేధావులన్న భయం మీకుంటే ఈ ఒక్క సంగతితో సగం పోతుంది.

ఎర ఎక్కడ పెట్టాలి

ఈ చరిత్ర చదివి చాలామంది ఉత్సాహంగా ఇంటర్నెట్ ముందు ఎర పెడతారు. మొదటి వారం ప్రపంచ పటం మీద మెరిసే చుక్కలు చూసి మురిసిపోతారు. రెండో వారానికి విసుగొస్తుంది. చిన్న సంస్థకు బయటి ఎర వల్ల పెద్దగా లాభం లేదని నా అభిప్రాయం. అక్కడికి వచ్చేదంతా ఊళ్లో ప్రతి తలుపూ తోసుకుంటూ పోయే బాట్‌ల సంతే. మీ మీద గురిపెట్టి వచ్చినవాడెవడో ఆ సంతలో కనపడడు. పరిశోధకులకు, టెలికాం కంపెనీలకు, ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సర్ట్-ఇన్ లాంటి సంస్థలకు అది పనికొస్తుంది.

మీరు లోపల పెట్టండి. ఆఫీసు నెట్‌వర్క్‌లో, అకౌంట్స్ విభాగం కంప్యూటర్ల పక్కన. అక్కడ ఎర నెలల తరబడి నిశ్శబ్దంగా పడి ఉంటుంది. ఒక్కసారి మోగిందంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి చూడాల్సిందే.

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం గుర్తుండే ఉంటుంది. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా పోయింది. పోలీసులు చెప్పిన ప్రకారం దానికి మూలం 2021 నవంబర్‌లో ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిళ్లు, వాటిని తెరిచినవాళ్లు ఇద్దరు. మెయిల్ తెరవడానికీ డబ్బు పోవడానికీ మధ్య రెండు నెలలకు పైనే గడిచింది. లోపలికొచ్చినవాడు మొదటి రోజే డబ్బు తీయడు. ఏ సర్వర్ ఎక్కడుంది, ఎవరికి ఏ అధికారం ఉంది, ఏ పాస్‌వర్డ్ ఎక్కడ దాచారు అని వెతుక్కుంటాడు. లోపలి ఎర పనిచేసేది సరిగ్గా ఆ వెతుకులాట రోజుల్లోనే. ఆ బ్యాంకులో ఎర ఉండుంటే దొంగతనం ఆగేదని నేను అనను. అంత వ్యవధి మాత్రం ఎవరూ చూడకుండా గడిచిపోయేది కాదు.

లోపలి ఎరకు పెద్ద ఖర్చేం లేదు. ఓపెన్‌కానరీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక రాస్ప్‌బెర్రీ పై మీద వేసి, అది ఫైల్ సర్వర్‌లానో, డేటాబేస్‌లానో కనపడేలా పెట్టవచ్చు. విండోస్ డొమైన్ ఉన్న ఆఫీసైతే, బ్యాకప్ పనికోసం అన్నట్టు పేరుపెట్టి, ఎవరూ వాడని సర్వీస్ ఖాతా ఒకటి తెరిచి ఉంచండి. దాని పేరు మీద ఎవరైనా టికెట్ అడిగితే లాగ్‌లో 4769 నంబరు ఈవెంట్ పడుతుంది. ఆ ఖాతాకు ఆ నంబరు ఎప్పుడూ పడకూడదు. పడిన రోజు ఎవడో లోపల తాళాలు పోగేస్తున్నాడు.

కంప్యూటరే అక్కర్లేదు, ఒక ఫైలు చాలన్న ఆలోచన ఇంకా తేలికైనది. థింక్స్ట్ అనే దక్షిణాఫ్రికా సంస్థ నడిపే కానరీటోకెన్స్ సైట్‌లో ఉచితంగా ఒక వర్డ్ ఫైలు తయారుచేసుకోవచ్చు. దాన్ని ఎవరైనా తెరిస్తే మీకు మెయిల్ వస్తుంది, ఏ ఐపీ నుంచి తెరిచారో సహా. ఇందులో ఒక లోపముంది, నెట్ లేని చోట తెరిస్తే ఆ ఫైలు నోరెత్తదు. అమెజాన్ క్లౌడ్ తాళంచెవిలా కనిపించే టోకెన్ అంతకన్నా నమ్మకమైనది. తాళంచెవి దొరికినవాడు దాన్ని వాడి చూడకుండా ఉండలేడు, వాడాడంటే మోగుతుంది.

ఫైలుకు పేరు పెట్టడంలోనే ఉంది పనితనమంతా. పాస్‌వర్డ్స్ అని పెడితే పసివాడు కూడా నమ్మడు. నిజమైన అకౌంటెంట్ ఎలా పెడతాడో అలా పెట్టండి, జీఎస్టీ రిటర్న్ ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కరెక్టెడ్. లోపల నిజమైన మనుషుల వివరాలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఆధార్ నంబర్లు కల్పించాల్సొస్తే సున్నాతోనో ఒకటితోనో మొదలుపెట్టండి, అసలు ఆధార్ ఏదీ ఆ అంకెలతో మొదలవదు కాబట్టి పొరపాటున కూడా ఎవరి నంబరూ పడదు. దొంగ గుర్తుపడతాడేమో అంటారా? పట్టనివ్వండి. గుర్తుపట్టాలంటే ముందు తెరవాలి కదా.

అయితే జీతాల జాబితా అని పేరుపెట్టి అందరూ చూసే డ్రైవ్‌లో ఎర పెట్టకండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు కాబట్టి మనం పట్టుకుందామని కొందరు యజమానులకు సరదా పుడుతుంది. పక్క సీటువాడి జీతం ఎంతో చూడాలన్న కుతూహలం దొంగతనం కాదు. అలాంటి ఎరకు తగిలేది దొంగలు కాదు, మామూలు మనుషులు. నాలుగుసార్లు అనవసరంగా మోగాక ఐదోసారి మీరే పట్టించుకోరు. ఎర ఎప్పుడూ పనిమీద వెళ్లేవాడి దారికి అడ్డం రాని చోట ఉండాలి.

మరీ నమ్మకంగా కనిపించే ఎరల వల కట్టడం ఎంత శ్రమో తెలియాలంటే ట్రెండ్ మైక్రో అనే సైబర్ భద్రతా సంస్థ 2019లో పెట్టిన నకిలీ ఫ్యాక్టరీ చూడాలి. నిజమైన పారిశ్రామిక కంట్రోలర్లు కొన్నారు, లేని కంపెనీకి వెబ్‌సైట్ పెట్టారు, లేని ఉద్యోగులకు కంప్యూటర్ గీసిన ముఖాలు అతికించారు. నెలల తరబడి నడిపితే రాన్సమ్‌వేర్ వాళ్లు వచ్చారు, క్రిప్టో తవ్వేవాళ్లు వచ్చారు. ఫ్యాక్టరీల మీద ప్రత్యేకంగా కన్నేసిన దేశాల గూఢచారుల కంటే ఇలాంటి మామూలు దొంగలే దండిగా తగిలారు. మీకు అంత హంగు అక్కర్లేదు.

గదికి లోపలి గడియ కూడా ఉండాలి

దొంగను రానిచ్చిన గది నుంచి దొంగ ఇంకొకరి ఇంటికి వెళ్తే ఆ పాపం మీదే. లాన్స్ స్పిట్జ్నర్ 1999లో మొదలుపెట్టిన హనీనెట్ ప్రాజెక్టు వాళ్లు మొదట్నుంచీ పట్టుబట్టిన నియమం ఇది. లోపలికి రాక సులువుగా ఉండాలి, బయటికి పోక కష్టంగా ఉండాలి. ఎర నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను లెక్కపెట్టి ఆపేయాలి. ఎరకూ మీ అసలు నెట్‌వర్క్‌కూ మధ్య విడిగా ఒక వీల్యాన్, దానికి విడిగా నియమాలు ఉండాలి. ఎరలో వాడిన పాస్‌వర్డ్ ఇంకెక్కడా ఉండకూడదు. ఇది చేయడం రాకపోతే నిజమైన ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఎర పెట్టే పని పెట్టుకోకండి, ఫైలు టోకెన్‌తో ఆగిపోండి. అదేం చిన్నతనం కాదు.

ఇంకో కోరిక పుడుతుంది, వాడి ఐపీ దొరికింది కదా, వాడి కంప్యూటర్లోకి మనమే వెళ్తే పోలా అని. వద్దు. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్లోకి వెళ్లడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. పైగా ఆ ఐపీ వాడిది కాకపోవచ్చు. మీలాగే మోసపోయిన ఏ డెంటిస్ట్ క్లినిక్ కంప్యూటరో అయ్యుంటుంది.

మోగిన రాత్రి

ఎర పెట్టేముందు ఒక కాగితం మీద ఒక పేరు రాయండి. అలర్ట్ వస్తే ఎవరి ఫోన్ మోగాలి? "సిస్టమ్స్ టీమ్" అని రాస్తే చెల్లదు. మనిషి పేరు, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకో పేరు. నెలకోసారి మీరే ఎర ఫైలు తెరిచి, ఫోన్ మోగిందో లేదో చూడండి. చాలా ఎరలు చెడిపోయేది దొంగల చేతిలో కాదు. పెట్టిన మనిషి ఉద్యోగం మారతాడు, అతని మెయిల్ మూసేస్తారు, అలర్టులు ఎవరూ లేని చిరునామాకు పోతూనే ఉంటాయి.

మోగాక మొదటి గంటలో చేయకూడని పని, ఆఫీసు మెయిల్‌లోనో, అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులోనో చెప్పడం. లోపల ఉన్నవాడు మీ మెయిల్ చదువుతూ ఉండొచ్చు. స్టోల్ తన వేట గురించి మెయిల్‌లో మాట్లాడకుండా ఫోన్ చేసేవాడు, నోట్‌బుక్ పెట్టుకున్నాడు. మీరూ ఒక నోట్‌బుక్ కొనండి. టైము, ఏం చూశారు, ఏం చేశారు, ఎవరితో మాట్లాడారు. అనిపించినవి కాదు, చూసినవి రాయండి. "చైనా హ్యాకర్" అని రాయడం కాదు, "రాత్రి 2:14కు ఫలానా ఐపీ నుంచి బ్యాకప్ ఖాతా అడిగారు" అని రాయడం. రెండో రకం వాక్యమే రేపు పోలీసులకైనా, మీకైనా పనికొస్తుంది.

నోట్‌బుక్ తర్వాత రెండో పని ఆలోచించడం. వెంటనే ఎర కేబుల్ పీకేస్తే వాడికి తెలిసిపోతుంది, మీకు మాత్రం ఏమీ తెలియదు. ఎర అంటే ఎరే, అందులో పోయేదేం లేదు, ఇంకాసేపు ఉండనివ్వండి. ఈలోపు అదే ఐపీ, అదే ఖాతా మీ అసలు సర్వర్లలో ఎక్కడెక్కడ తిరిగిందో వెతకండి. అసలు డేటాను వాడు ముట్టుకుంటున్నాడని తేలిన క్షణం చూడటం ఆపి, తలుపులు మూయండి. ఈ గీత ఎక్కడుందో మోగాక కాదు, మోగకముందే తేల్చుకోవాలి. రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో తీసుకునే నిర్ణయం కాదిది.

గడియారం మాట మరవకండి. ఎర గడియారం ఐదు నిమిషాలు వెనకుంటే, మీ ఫైర్‌వాల్ లాగ్‌తో దాన్ని జతచేయలేరు. సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థల గడియారాలన్నీ ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైముతో కలిసి నడవాలని చెప్పింది ఇందుకే. అదే ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఘటన తెలిసిన ఆరు గంటల్లోపు సర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం అన్నిటికన్నా ముందు. కోర్టు దాకా వెళ్లేలా ఉంటే లాగ్ ఫైలును తీసిన వెంటనే దాని హ్యాష్ విలువ రాసిపెట్టుకోండి, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో అది అడుగుతారు.

దొరికిన సమాచారాన్ని పరువు తక్కువని దాచుకోకండి. బ్యాంకులకు ఇందుకోసమే హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీలో 2014 నుంచి ఐబీ-కార్ట్ అనే ఏర్పాటు ఉంది. ఒక బ్యాంకు చూసిన దాడి గుర్తులు మిగతా బ్యాంకులకు అందుతాయి. మీది బ్యాంకు కాకపోతే మీలాంటి వ్యాపారమే చేసే నలుగురైదుగురు సిస్టమ్స్ మనుషుల ఫోన్ నంబర్లు దగ్గర పెట్టుకోండి. మీ ఎరలో దొరికిన ఐపీ, ఫైలు హ్యాష్ వాళ్లకు పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనంత చిన్న విషయమని పై అధికారిని ముందే ఒప్పించి ఉంచండి.

అంతా ముగిశాక ఆ ఎర అయిపోయినట్టే. వాడికి తెలిసింది, వాడి ద్వారా ఇంకెందరికో తెలిసుంటుంది. కొత్త పేరు, కొత్త ఐపీ ఇచ్చి, వేరే అంతస్తులోని స్విచ్‌కు తగిలించండి. పాత ఎర పేరును, దాని ఉత్తుత్తి పాస్‌వర్డ్‌నూ నోట్‌బుక్‌లో రాసి ఉంచుకోండి. ఎప్పుడో ఆరు నెలల తర్వాత ఎవడైనా సరిగ్గా ఆ పేరే వెతుక్కుంటూ, ఆ పాస్‌వర్డే కొడుతూ వస్తే, వాడు కొత్తవాడు కాదని మీకు వెంటనే తెలుస్తుంది.